పేరు ఒకటే – తూకం వేరు
వీశె, కాతి, పికుల్: వర్తకులు తెలుసుకోవలసిన సంగతులు

పాత వ్యాపార పేజీలు తిరగవేసిన వారికి ఒక మాట కంటబడే ఉంటుంది. పినాంగు తగరం, సింగపూరు మిరియాలు, ఎండు కొబ్బరి ధరలు 1970 దశకంలో కూడా ‘పికుల్ ఒక్కింటికి ఇన్ని డాలర్లు’ అని వచ్చేవి. లండన్ ధర టన్నుకు, బొంబాయి ధర క్వింటాలుకు ఉండగా మధ్యలో ఈ పికుల్ ఏమిటని అంబాజీపేట కొబ్బరి వర్తకుడో, కళాయి తగరం తెప్పించుకునే రాజమండ్రి పాత్రల వర్తకుడో అడిగితే, సూటిగా చెప్పగలిగిన వారు తక్కువ.

పికుల్ ధరలు ఇప్పుడు రావు. కాని పికుల్ కుటుంబం మాత్రం బజారు విడిచి పోలేదు. హాంకాంగ్‌లో బంగారం నేటికీ ‘టేల్’ లెక్కన పలుకుతుంది. చైనాలో చెరువు గట్టున రొయ్యకు ధర కట్టేది ‘జిన్’ లెక్కన. బర్మా లోపలి సంతల్లో మినుములు, ఉల్లి, మిరప కాటాకెక్కేది ‘వీశె’ లెక్కన. నరసాపురంలో బంగారం, భీమవరంలో రొయ్య, డెల్టా అంతటా మినుము – మూడూ మనకు కావలసిన సరుకులే. 2022లో జిల్లాలు విడిపోయినా బేరం నడిచే దారులు అవే. ఈ మూడు మాటల్లో చైనావారివి పరాయివి కనుక మన వర్తకుడు వాటిదగ్గర జాగ్రత్త పడతాడు. మూడోది మన వీశె గదా అని ధీమాగా ఉంటాడు. అసలు నష్టం వచ్చేది ఆ ధీమాలోనే.

కావడి బరువు

చైనావారి తూకానికి ఆధారం జిన్. పదహారు లియాంగులు ఒక జిన్, నూరు జిన్‌లు ఒక దాన్. రూపాయికి పదహారణాలు లెక్కపెట్టిన పెద్దలకు ఈ పదహారు కొత్త కాదు. పదహారును సగం, పావు, అర్ధపావు, వీసం చేసుకుంటూ పోవచ్చు. కాగితం అక్కర లేదు. జిన్ పైన మాత్రం నూరు, లియాంగ్ కింద పది, నూరు, వెయ్యి – అంతా దశాంశమే.

అయితే ఇంగ్లీషు వర్తక గ్రంథాలలో ఈ పేర్లేవీ కనిపించవు. అక్కడ జిన్‌ను క్యాటీ అన్నారు, దాన్‌ను పికుల్ అన్నారు, లియాంగ్‌ను టేల్ అన్నారు. ఇవి చైనా మాటలు కావు, మలయా మాటలు. పోర్చుగీసువారు 1511లో మలక్కా రేవును పట్టుకున్నారు. చైనా సరుకు వారి చేతికి ముందుగా వచ్చింది అక్కడే, మలయా భాషలో బేరమాడే దలాలుల ద్వారా. దలాలి ఏ పేరు చెబితే ఆ పేరే ఖాతాలోకి ఎక్కింది. మలయావారి ‘కాతి’ ఇంగ్లీషువాడి నోట క్యాటీ అయింది. (దీన్ని ‘కాటి’ అని రాస్తే మన చెవికి శ్మశానం గుర్తుకు వస్తుంది కనుక ఈ వ్యాసంలో కాతి అనే రాస్తున్నాము. మన కాటాకు దీనితో చుట్టరికం ఏమీ లేదు.) ఇంగ్లండులో తేయాకు పోసుకునే డబ్బాను ‘క్యాడీ’ అంటారు. అదీ ఈ కాతి నుంచి వచ్చినదే.

పికుల్ అంటే మలయా, జావా భాషల్లో భుజాన మోయడం. చైనావారి ‘దాన్’కు కూడా అదే అర్థం: బద్దకు రెండు వైపులా కట్టి ఒక మనిషి మోయగలిగిన బరువు. మన భాషలో చెప్పాలంటే ఒక కావడి. లెక్కప్రకారం 60 కిలోల పైచిల్లర. డెల్టాలో ధాన్యం బస్తా 75 కిలోలని గుర్తు చేసుకుంటే మన హమాలీ మోసేది పికుల్ కంటె ఎక్కువే. కాని అతను లారీ దాకా మోస్తాడు. కావడి మనిషి ఊరి నుంచి ఊరికి మోసేవాడు.

దాన్ అన్న మాటకు ఇంకొక చిక్కు ఉంది. అది బరువుకూ పేరే, ధాన్యం కొలతకూ పేరే. ఇదీ మనకు తెలిసిన చిక్కే. ఇరవై తూములు ఒక పుట్టి, ఇరవై మణుగులు ఒక పుట్టి. మొదటిది కొలత, రెండవది తూకం. కొలత పుట్టిలో వడ్లు పోస్తే ఒక బరువు, బియ్యం పోస్తే ఇంకొక బరువు. అదిగాక కుంచం ఊరుకొక తీరుగా ఉండేది. పుట్టి అనగానే ఏ పుట్టి అని అడగని కొత్త గుమాస్తాకు మొట్టికాయ తప్పేది కాదు.

మినుము, గురిగింజ, కాసు

టేల్ కింద ఉన్న చిన్న తూకాల పేర్లు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. టేల్‌లో పదో వంతును ఇంగ్లీషువారు ‘మేస్’ అన్నారు, నూరో వంతును ‘క్యాండరీన్’ అన్నారు, వెయ్యో వంతును ‘క్యాష్’ అన్నారు. మేస్ మలయావారి ‘మాస్’ నుంచి వచ్చింది. ఆ మాస్ సంస్కృత ‘మాష’. మాష అంటే మినుము. మినప గింజ ఎత్తు బంగారం అన్నమాట. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో పదహారు మాషలు ఒక సువర్ణం. జావా పాత శాసనాల్లో కూడా సువర్ణం, మాష పేర్లు అదే పదహారు లెక్కతో కనిపిస్తాయి. క్యాండరీన్‌కు మూలమైన మలయా మాట గురిగింజ పేరు. దాన్ని అరవంలోని ‘కున్రి’కి చుట్టమని చెబుతారు. మన కంసాలి త్రాసులో ఒకనాడు ఆ ఎర్ర గింజే పడి. ఇక క్యాష్ మన కాసే. అరవ, తెలుగు రేవుల్లో చెల్లిన చిల్లర నాణెం పేరు పోర్చుగీసువారి నోట ఎక్కి చైనా రాగినాణేనికి పేరయింది, అక్కడ నుంచి తూకానికి పేరయింది.

అంటే చైనా తూకాలకు పడమటి దేశాలవారు వాడిన ఆరు పేర్లలో మూడు మన దేశపు గింజలూ మన దేశపు నాణెమూ. వీటిని అంత దూరం మోసినవి కోరమాండల్ తీరపు బట్టల ఓడలు. మచిలీపట్నం, నరసాపురం పక్కన మాధవాయిపాలెం, ఆ పైన కోరంగి – ఇవన్నీ ఆ రోజుల్లో నేత బట్టకు పేరుపడ్డ రేవులు. డచ్చివారు పాలకొల్లులోను, ద్రాక్షారామంలోను, కాకినాడ పక్కన జగన్నాథపురంలోను గిడ్డంగులు పెట్టినది ఈ బట్ట కోసమే. బట్ట బటేవియాకు పోయేది, అక్కడ లవంగాలకు, జాజికాయకు, మిరియాలకు మారకమయ్యేది. తిరుగు ఓడల్లో జపాను రాగి ఈ తీరానికి దిగేది. ఆ రాగి పెట్టెలు పికుల్ తూకానివే. కాబట్టి పికుల్ మన రేవులకు పూర్తిగా పరాయిది కాదు.

టేల్ అన్న పేరు మలయా ‘తాహిల్’ నుంచి వచ్చింది. అదీ మన తులమేనని వాదించిన పండితులు ఉన్నారు. పేరు సంగతి వారికే వదులుదాం. తూకంలో మాత్రం పొంతన లేదు. పాత తులం 11.664 గ్రాములు, తాహిల్ 37.8 గ్రాములు. తాహిల్‌కు దగ్గరగా వచ్చేది మన పలం. మూడు తులాల పలం 35 గ్రాములు.

బారువ, బహారా

తెలుగుదేశపు పాత తూకాల పట్టిక బడిలో వల్లె వేసినవారు ఇంకా ఉన్నారు: మూడు తులాలు ఒక పలం, నలభై పలాలు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక బారువ. కంపెనీ దొరలు దీన్ని పౌనుల్లోకి దించి వీశెకు 3 పౌనుల 2 ఔన్సులు, మణుగుకు 25 పౌనులు, బారువకు 500 పౌనులు కట్టారు. బారువను వారు క్యాండీ అన్నారు.

మలయా రేవుల్లో మూడు పికుళ్ళకు ఒక పేరుంది – బహారా. మిరియాలూ లవంగాలూ బహారాల్లోనే బేరమాడేవారు. బహారా అన్నా, బారువ అన్నా, మూలం సంస్కృత ‘భారం’. అర్థశాస్త్రంలో ఇరవై తులలు ఒక భారం. మన బారువకు ఇరవై మణుగులు. ఇరవై అన్న లెక్క కూడా చెక్కు చెదరలేదు. కాని తూకం? పికుల్ 133⅓ పౌనులు గనుక మూడు పికుళ్ళ బహారా 400 పౌనులు. మన బారువ 500 పౌనులు, అంటే మూడు ముప్పావు పికుళ్ళు. పేరు ఒకటే, తల్లి ఒకటే, బరువులో మాత్రం నూరు పౌనుల తేడా. కోరంగిలో ఓడెక్కి మలక్కాలో దిగిన వర్తకుడు పేరును నమ్మి బేరం కుదుర్చుకుంటే అయిదింట ఒక వంతు సరుకు తక్కువ వచ్చేది. అతను మోసపోయాడని కూడా అనలేము. అవతలివాడు తన బహారాను తాను సరిగ్గానే తూచి ఇచ్చాడు.

మన బారువలో మనకే తేడా ఉందన్నది వేరే సంగతి. పౌనుల లెక్కన వీశె 1,417½ గ్రాములు. తులాల లెక్కన 120 తులాల వీశె దాదాపు 1,400 గ్రాములు. వీశెకు 18 గ్రాములంటే ఎవరూ పట్టించుకోరు. బారువ అయ్యేటప్పటికి రెండు వీశెలు దాటుతుంది.

రంగంలో వీశె

ఇక మనకు అన్నింటికంటె దగ్గరైన సంగతి. గోదావరి జిల్లాల పల్లెల్లో రంగూన్‌ను ‘రంగం’ అనేవారు. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి పొగ ఓడలు బంగాళాఖాతం దాటి రంగం పోయేవి. కోతల కాలానికి, బియ్యం మిల్లుల్లో పనికి, రేవులో మోతకు వేలాదిమంది తెలుగువారు అక్కడికి వెళ్ళేవారు. తెలుగువాడిని బర్మాలో ‘కోరంగీ’ అనేవారు. రేవు పేరే జాతి పేరయింది. 1937లో బర్మా ఇండియా నుంచి వేరుపడింది. 1942లో జపాను సేనలు రాగా లక్షలమంది భారతీయులు ఓడల్లోనూ కాలినడకనూ తిరిగి వచ్చేశారు. టేకు దూలాలూ, లక్క సామానూ, కొన్ని మాటలూ మిగిలాయి.

బర్మావారి తూకం పేరు వారి భాషలో ‘పెయిక్‌థా’. ఇంగ్లీషువారు దాన్ని ‘విస్’ అన్నారు. విస్ మన వీశె, అరవవారి వీసై. బర్మా సరుకును మొదట ఇంగ్లీషువాడికి అమర్చి పెట్టిన దుబాసీలూ దలాలులూ మన తీరంవారు గనుక వారి నోటి మాటే స్థిరపడింది. రంగంలో దిగిన తెలుగువాడికి బజారులో వీశె అన్న మాట వినగానే సొంత ఊరికి వచ్చినట్లు ఉండి ఉంటుంది.

కాని ఆ వీశె ఈ వీశె కాదు. బర్మా వీశె నూరు ‘టికాల్’ల తూకం. పౌనుల్లో సరిగ్గా 3.6. తులాల్లో సరిగ్గా 140. మన వీశె 120 తులాలు. వీశె ఒక్కింటికి ఇరవై తులాలు, అంటే 233 గ్రాములు హెచ్చు. ఒకే సర్కారు కింద, ఒకే తులం రాయితో, సముద్రానికి ఆ ఒడ్డున ఒక వీశె, ఈ ఒడ్డున ఒక వీశె నడిచాయి.

దీని దెబ్బ ఎలా ఉంటుందో లెక్క వేసి చూద్దాం. బర్మా మినుము మన మినుము ధరను శాసించే రోజులివి. మద్రాసు రేవుకు వచ్చే బర్మా సరుకుకు ధర డాలర్లలో టన్నుకు చెబుతారు. అక్కడ పేచీ లేదు. కాని లోపలి సంతలో ధర ఎలా ఉందో ముందుగా తెలుసుకొని బేరానికి దిగాలనుకునే వర్తకుడికి అందే కబురు వీశెల్లోనే ఉంటుంది. వీశె ధర మన రూపాయల్లోకి మార్చగా రు. 98 అని తేలిందనుకుందాం. తాతగారి పట్టిక ప్రకారం వీశె 1.4 కిలోలు అని భాగిస్తే కిలో రు. 70 వస్తుంది. ఇంత ధరకు ఎందుకులే అని వర్తకుడు ఊరుకుంటాడు. నిజానికి 1.633తో భాగించాలి. అప్పుడు కిలో రు. 60. టన్నుకు రు. 10,000 తేడా. పక్క కొట్టువాడు సరిగ్గా లెక్క వేసుకొని సరుకు దింపుకుంటే మనవాడు ధర పడిపోయిందేమని విస్తుపోతాడు. అమ్మేటప్పుడు అయితే దెబ్బ రెండో వైపు నుంచి తగులుతుంది. వీశెకు ఇంత అని మాట ఇచ్చి 1.4 కిలోల లెక్కన సరుకు సిద్ధం చేసినవాడు రేవులో ఆరింట ఒక వంతు అదనంగా తూచి ఇవ్వాలి.

బర్మా ధాన్యం లెక్కకు వీశె కాదు, బుట్ట వాడుక. వడ్ల బుట్ట 46 పౌనులు, అంటే 20.86 కిలోలు. మన 75 కిలోల బస్తాకు మూడున్నర బుట్టల పైన పడుతుంది.

ఇంటిదొంగ మణుగు

ఇతర దేశాలవారిని అని లాభం లేదు. మణుగు ఒక్కదాన్నే చూడండి. చెన్నపట్నం మణుగు 25 పౌనులు. బొంబాయి మణుగు 28 పౌనులు. బెంగాలు మణుగు 40 సేర్లు, అనగా 82 పౌనుల పైన, మన మణుగుకు మూడు రెట్లకు మించి. కలకత్తా నుంచి ‘మణుగు’కు ధర తంతి వస్తే దాన్ని చెన్నపట్నం మణుగుతో పోల్చడం కుదిరే పని కాదు. 1939లో కేంద్రం తూకాల చట్టం చేసి తులానికి 180 గ్రెయిన్లు, సేరుకు 80 తులాలు, మణుగుకు 40 సేర్లు అని ఖాయం చేసింది. అది 1942 జూలై 1న అమలుకు వచ్చింది. మన బజారు మాత్రం 24 తులాల కచ్చా సేరునూ, అయిదు సేర్ల వీశెనూ వదలలేదు. 1956 చట్టం తరువాత 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ రాళ్ళు విడతలుగా వచ్చి, 1962 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం మెట్రిక్‌లో తప్ప ధర చెప్పడం కూడా నేరమే.

అయినా పత్తి బజారులో నేటికీ ధర పలికేది క్యాండీకి. ఆ క్యాండీ మన 500 పౌనుల బారువ కాదు. బొంబాయి లెక్క ప్రకారం 28 పౌనుల మణుగులు 28, అంటే 784 పౌనులు, సుమారు 356 కిలోలు. బంగారం కొట్లో ‘తులం’ అంటే చాలాచోట్ల 10 గ్రాములు అయిపోయింది. పాత తులం 11.664. మన వైపు కాసు 8 గ్రాములు. రెండు పేర్లూ పాతవే, రెండు బరువులూ కొత్తవి.

జిన్ ఎక్కడ ఎంత

ఇప్పుడు మళ్ళీ చైనా తూకానికి వద్దాము. బ్రిటిషువారు తమ రేవుల్లో కాతిని ఒకటింబాతిక కాదు, సరిగ్గా 1⅓ పౌను అని చట్టంలో రాశారు. హాంకాంగ్, సింగపూరు, మలయాలలో 604.79 గ్రాములు అన్న లెక్క ఆ విధంగా వచ్చింది. జపానువారు దాన్ని ‘కిన్’ అని 600 గ్రాములకు కుదించారు. వారి ఏలుబడిలో ఉన్న తైవాన్‌లో నేటికీ ఆ 600 నడుస్తోంది. కొరియాలో పేరు ‘గున్’: మాంసానికి 600 గ్రాములు, కూరగాయలకు 400. వియత్నాంలో ‘కన్’ ఒకప్పుడు 604½ గ్రాములు. ఇప్పుడు బజారులో కన్ అంటే కిలో అనే అర్థం చేసుకుంటారు. జపానులో కిన్ తూకం రద్దయినా రొట్టె అమ్మేవాడు మాత్రం కిన్ అంటూనే ఉన్నాడు, ఆ రొట్టె కిన్ 340 గ్రాములకు తగ్గకూడదు. ఆరువందలది మూడువందల నలభై ఎలా అయిందంటే, అది చైనా కిన్ కాదట, ఇంగ్లీషు పౌనుకు పెట్టిన కిన్ పేరు అరిగిపోయి అక్కడికి దిగిందట!

పికుల్ సంగతీ ఇంతే. హాంకాంగ్‌లో 60.48 కిలోలు, జావాలో 61.76, ఫిలిప్పీన్స్ పంచదార పికుల్ 63.25. జావా పంచదారకూ ఫిలిప్పీన్స్ పంచదారకూ పికుల్ ధరలు పక్కపక్కన పెట్టి చూసిన వారికి నూటికి రెండున్నర తేడా పేరులోనే దాగి ఉండేది.

అసలు చైనాలోనే జిన్ మారింది. 1929 నాటి చట్టం జిన్‌ను సరిగ్గా 500 గ్రాములు చేసింది, అర కిలో. పదహారు లియాంగుల లెక్క మరి ముప్పయ్యేళ్ళు సాగింది. 1959లో ఆ పదహారు కూడా పోయి పది లియాంగులు ఒక జిన్ అయింది. కనుక ప్రధాన భూభాగంలో లియాంగ్ 50 గ్రాములు, తైవాన్‌లో 37.5, హాంకాంగ్‌లో 37.8.

భీమవరం వారికి ఇది ఎందుకంటే – చైనావారు కిలోను ‘గోంగ్‌జిన్’ అంటారు. జిన్ అంటే అర కిలో, గోంగ్‌జిన్ అంటే కిలో. ఫోనులో ముందు ముక్క వినబడకపోతే ధర రెట్టింపో సగమో అవుతుంది. జిన్‌కు 20 యువాన్లు అంటే కిలోకు 40. అలాగే కౌంటు. మన చెరువుల దగ్గర 60 కౌంటు అంటే కిలోకు 60 రొయ్యలు. అక్కడి రైతు జిన్‌కు 30 అంటాడు. రెండూ ఒకే సైజు. ‘ముప్పై కౌంటు’ అని విని కిలోకు ముప్పై అనుకుంటే, చిన్న రొయ్య ధరను పెద్ద రొయ్య ధరగా లెక్క కట్టుకున్నట్లే. అమెరికా కొనుగోలుదారు తల తీసిన రొయ్యను పౌనుకు లెక్కపెడతాడన్నది మన ప్రాసెసింగ్ వారికి బాగా తెలుసు. చైనా లెక్క వారికి ఇంకా అంత అలవాటు కాలేదు.

ఇక హాంకాంగ్ టేల్. ఒక్క ఊళ్ళోనే రెండు టేల్‌లు ఉన్నాయి. మూలికలకూ, ఎండు సరుకుకూ వాడే టేల్ 37.799 గ్రాములు. బంగారానికీ వెండికీ వాడేది 37.429 గ్రాములు. తేడా ఒక గ్రాములో మూడోవంతు పైన. కిలో బంగారం బంగారపు టేల్ ప్రకారం 26.717 టేల్‌లు, మామూలు టేల్ ప్రకారం 26.455 మాత్రమే. చాలా పట్టికల్లో మొదటి టేల్ ఒక్కటే అచ్చువేస్తారు. దాన్ని చూసి బంగారం లెక్క కట్టినవాడు కిలోకు పావు టేల్ పైగా పోగొట్టుకుంటాడు. హాంకాంగ్ టేల్ ధర వచ్చినప్పుడు దాన్ని 37.429తో భాగించి గ్రాము ధర తెచ్చుకోవాలి, ఎనిమిదితో హెచ్చిస్తే కాసు ధర. అక్కడి సంప్రదాయపు టేల్ ధర నూటికి 99 నాణ్యానిది గనుక మన 24 కేరట్ల ధరతో పోల్చేముందు ఆ ఒక పాలు కూడా సర్దుకోవాలి. మారకపు రేటు, దిగుమతి సుంకం వేసుకోవడం ఆ తరువాతి పని.